మూడు గురిగింజలు తక్కువ

పోయిన నెల కామారెడ్డిలో ఒక బంగారు దుకాణానికి వెళ్లివచ్చాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. తిన్నది బాగానే ఉంది, విన్నదే అరగలేదు. మా మనవడికి ఎల్లారెడ్డి వైపు పిల్ల కుదిరింది. నిశ్చితార్థంలో ఆ పిల్ల వేలికి తొడగడానికి ఉంగరం కొనాలని నా కొడుకు, మనవడు బయలుదేరుతూ, పెద్దవాడు పక్కనుంటే మంచిదని నన్నూ కారెక్కించారు. దుకాణం లోపల వణికించే చలి. చుట్టూ అద్దాలు, ఎటు తిరిగినా నా బట్టతలే నాకు ఎదురైంది. టై కట్టుకున్న ఒక కుర్రవాడు ముందు కూల్‌డ్రింకులు తెచ్చిపెట్టి, ఉంగరాల పెట్టె తెరవకముందే మనవడి జీతం ఎంతని అడిగాడు. మనవడు ఏ మాత్రం జంకకుండా చెప్పాడు. "మామూలుగైతే రెండు నెలల జీతం పెడుతరు సార్. ప్రేమెక్కువుంటే మూడు నెలలు," అన్నాడు కుర్రవాడు. ప్రేమను నెలల లెక్కన కొలుస్తారని డెబ్బై ఆరేండ్లు వచ్చినా నాకు తెలియదు. నా కొడుకు ఒక్కో ఉంగరాన్నీ దీపానికి ఎత్తిపట్టి, ఫొటోలో ఏది పెద్దగా కనబడుతుందని అడిగాడు. ఆ పిల్లకు ఏది నచ్చుతుందని అడిగినవాడు లేడు. చివరికి బేరం రెండున్నర నెలల దగ్గర తెగింది. నేను ఆ కూల్‌డ్రింకును దగ్గుమందులాగా మింగి లేచాను.

అసలు రోత ఇంటికి వచ్చాక మొదలైంది. మా వైపు ఉంగరాలు రెండు. మేము పిల్లకు పెట్టాలి, పిల్ల తరఫువాళ్లు పిల్లగానికి పెట్టాలి. వాళ్లు పెట్టేది ఎంత ఉండాలో మగపిల్లవాడి వాళ్లు నోరు విప్పి అడగరు, అడిగితే మర్యాద పోతుందట. అందుకని ఆడపిల్ల తండ్రే "మీ ఇంటి ఆనవాయితీ ఎంత?" అని అడగాలి, అప్పుడు వీళ్లు మొహమాటపడుతూ చెప్పాలి. ఇంత మర్యాదగా చేయిచాపే పద్ధతిని ఎవరు కనిపెట్టారో కాని, గట్టివాడే.

మా ఇంటి ఆనవాయితీ ఎవరి నోటా ఉండదు, నా బీరువాలో ఉంటుంది. నిజాంసాగర్ కాలువల మీద నీటి మట్టం చూసి రాసే నౌకరీ నాది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రాతి మీది అంకె చదవాలి, రిజిస్టరులో ఎక్కించాలి. ఒక అంగుళం ఎక్కువ రాస్తే పైన గేటు దించుతారు, చివరి పొలానికి నీళ్లు అందవు. అంకె తప్పు చదవడమంటే ఒకడి నోటికాడి కూడు తీయడమని నాకు మొదటి రోజే చెప్పారు. నౌకరీ చేసినన్నాళ్లూ ఒక్క అంకె తప్పు చదవలేదు. ఆ అలవాటుతోనే ఇంట్లో డైరీ పట్టాను. పడిన వాన, వచ్చిన చుట్టాలు, ఎవరికి జ్వరం, బర్రె ఈనిన గడియ, అన్నీ అందులో ఉన్నాయి. ఏండ్ల తరబడి వాటి ముఖం చూసినవాళ్లు లేరు. ఇంట్లో పెండ్లి కుదిరితే మాత్రం అందరికీ అవి గుర్తొస్తాయి. ఫలానా వాడికి ఎంత పెట్టారు, వీడికి అంతకన్నా తగ్గకూడదు కదా. నా జీవితమంతా వాళ్లకు ఒక ధరల పట్టీ.

మొన్న ఆదివారం పొద్దున కొడుకు ఫోనును బల్లమీద పెట్టి, అందరికీ వినబడేటట్టు చేశాడు. అవతల పిల్ల తండ్రి. మూడెకరాల రైతు. వెనక బోరు మోటారు చప్పుడు. "మీ ఇంట్ల ఏది నడుస్తుంటే గదే చేస్తం బావా, తక్కువ చెయ్యం. కాకపోతే వరి కోసినంక అయితే జర ఆసరా ఉంటది," అన్నాడు. తులం లక్ష దాటిన రోజులు. తులం ఉంగరమంటే ఖర్చులు పోగా ఆయనకు మిగిలే పంటంతా ఒక వేలికి చుట్టడమే. ఆయన గొంతు మర్యాదగా ఉంది, కాని మాటకూ మాటకూ నడుమ ఆగుతున్నాడు. నా కొడుకు నావైపు తిరిగాడు. "బాపు, నీ డైరీల సూడు. అత్తగారోళ్లు నీకెంత పెట్టిండ్రో సదువు. మనింట్ల ఆనవాయితీ నీతోనే గదా షురువైంది." నా భార్య గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

చూడకముందే ఆ పేజీ నాకు తెలుసు. యాభై ఏండ్ల కింద ఎల్లారెడ్డిలో, మా అత్తగారి వాకిట్లో, మా పూలుపండ్లు. అప్పట్లో నిశ్చితార్థాన్ని అలా అనేవాళ్లం. మామగారు నా వేలికి ఉంగరం తొడిగారు. తులం అని మాట. నలుగురూ విస్తళ్ల ముందు కూర్చునే వేళకు మా చిన్నాయన నా చేయి పట్టుకుని చూసి, ఉంగరం బిగుతుగా ఉంది, కంసాలితో సాగదీయించుకొస్తానన్నాడు. అది బిగుతుగా లేదు. ఆ సంగతి నా వేలికి తెలుసు, నాకు తెలుసు. అయినా చేయి చాపాను. బిగుతేనని నలుగురికీ చూపడానికి సబ్బు నురగ రాసి ఊడదీశాడు. రెండు సందుల అవతల కంసాలి తక్కెడలో గురిగింజలు పెట్టి తూయించుకుని, వడ్డించిన అన్నం చల్లారేలోపు తిరిగొచ్చాడు. వాకిట్లో నిలబడి, వంటవాళ్లకూ వినబడేటట్టు అన్నాడు: "మూడు గురిగింజలు తక్కువున్నది బావా."

మామగారు విస్తరి ముందు నుంచి లేచారు. లోపలికి వెళ్లారు. తలుపు సగమే వేసి ఉంది. మా అత్తగారు మెడలోని పుస్తెలతాడు తీయకుండా, కొస ముడి విప్పి, ఇంకొక ఆడమనిషి వెనక నుంచి తాడు పట్టుకుని ఉంటే, ఒక బంగారు గుండును జార్చి ఇవ్వడం నేను కూర్చున్న చోటికి కనబడింది. పక్కన గోడకు ఆనుకుని పెండ్లిపిల్ల నిలబడి ఉంది. ఆమె తల్లిని చూడలేదు. నన్ను చూసింది. గుండును తమలపాకులో పెట్టి తెచ్చి ఇచ్చారు. చిన్నాయన దాన్ని అరచేతిలో ఎగరేసి, సరే అన్నాడు. ఆ తర్వాత అందరం భోజనం చేశాం. నేనూ తిన్నాను. చేయి కడుక్కున్నా సబ్బు వాసన పోలేదు, పప్పులోకీ వచ్చింది.

పెండ్లయిన ఏడాదికి నా భార్య ఆ గుండును మా అమ్మనడిగి తీసుకుని తన తాడులో గుచ్చుకుంది. ఎందుకని నేను అడగలేదు. మిగతావాటికన్నా అది కొంచెం ఎర్రగా ఉంటుంది. రోజూ కనబడుతుంది.

బీరువాలోంచి ఆ ఏటి డైరీ తెచ్చి పేజీ తెరిచాను. నా రాత గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉంది. "ఉంగరం తులమునకు మూడు గురిగింజలు తక్కువ. బదులు గుండు ఒకటి ఇచ్చిరి. సరిపోయినది." అంతే రాశాను. సరిపోయినదట. మా చిన్నాయన మీద ఇన్నేండ్లు పెట్టుకున్న అసహ్యమంతా ఆ ఒక్క మాట దగ్గర దారి మార్చుకుని నామీదికి వచ్చింది. ఆయన పోయి చాలాకాలమైంది. ఆ మాట రాసిన చెయ్యి ఇంకా ఇక్కడే ఉంది.

"ఎంత బాపు?" అన్నాడు కొడుకు. ఫోనులో మోటారు ఆగింది. ఆయనే ఆపి ఉంటాడు, అంకె సరిగా వినబడాలని.

"పావు తులం," అని చదివాను.

"పావు తులమా? తులమని చిన్నతాత అనేటోడు గదా." కొడుకు చేయి డైరీ మీదికి వస్తుంటే అరచేత్తో పేజీ మూసుకున్నాను. నాకు అబద్ధం చదవడం అలవాటు లేదు.

"మీ చిన్నతాత మాటలు నాకు జెప్పకు కొడుకా," అంది నా భార్య, చిక్కుడుకాయల మీద నుంచి చూపు తీయకుండా. "నా పూలుపండ్లు నాకు యాదికుండదా? పావు తులమే. గది గూడ మీ బాపు వద్దన్నడు."

ఫోనులో పిల్ల తండ్రి, "మంచిది బావా, గట్లనే," అన్నాడు, ఈసారి మాటల నడుమ ఆగకుండా. కొడుకు మొహం ముడుచుకున్నాడు కాని, ఆనవాయితీ నాతోనే మొదలైందని తానే అన్నాడు కనుక ఒప్పుకోక తప్పలేదు. మనవడు ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు.

నేను ఆమె వైపు చూశాను. ఆమె ఈనె లాగి పక్కన పడేసింది. వద్దు అన్నది నేను ఆనాడు అనవలసిన మాట. ఆమె దాన్ని తన నోటితో నాకు పెట్టింది, తూకం అడగకుండా.

ఆ సాయంత్రం వాన పడలేదనీ చిక్కుడుకాయ కూర బాగుందనీ రాశాను, ఆ తర్వాత కలం కదల్లేదు. చెప్పవలసిన రోజున చెప్పని మాటను యాభై ఏండ్ల తర్వాత ఏ తేదీ కింద రాయాలో ఇన్ని డైరీలు నిండినా నేను నేర్చుకోలేదు.