తదితరులు

వాడు సైకిలు మీద ఎదురొస్తే నేను తల పక్కకు తిప్పుకునేవాణ్ణి. ఆ సైకిలు వెనక మడ్‌గార్డు మీద ఎర్ర రంగుతో ‘విలేఖరి’ అని రాయించుకున్నాడు. స్కూలు ఫైనలు తప్పి, మళ్లీ కట్టి, మళ్లీ తప్పినవాడు! ఒకే బెంచీ మీద కూర్చుని నా కాంపోజిషను చూసి రాసినవాడు! నేనేమో గుంటూరు కాలేజీలో బి.ఏ. చదువుతూ, వ్యాసరచనలో ప్రతి ఏడూ బహుమతి తెచ్చుకుంటూ, శనివారం బస్సుకు మా ఊరొచ్చి ఆ ఎర్ర అక్షరాలు చూసి కడుపు మండించుకునేవాణ్ణి.

వాడికి ఆ హోదా ఎట్లా వచ్చిందంటే, వాళ్ల మేనమామకు బస్టాండు దగ్గర పేపరు ఏజెన్సీ ఉండేది. ఆ రోజుల్లో మా పక్క అదే పద్ధతి. ఊళ్లో పేపర్లు ఎవరు అమ్మితే వాళ్లే ఆ ఊరి వార్తలు పంపాలి. రాయటం వచ్చా రాదా అని ఎవరూ అడగరు. మేనమామకు చూపు తగ్గింది, ఏజెన్సీ మేనల్లుడి చేతికొచ్చింది. గేదెను కొంటే దూడ కూడా వచ్చినట్టు, ఏజెన్సీతో పాటు విలేఖరి పని కూడా వచ్చిపడింది. నేను చిన్నప్పటినించీ కలలుగన్న పని!

మీటింగు ఎక్కడ జరిగినా ముందు వరసలో వాడికో కుర్చీ, కుర్చీ పక్కన సోడా. నేను వెనక నిలబడి చూసేవాణ్ణి. పోనీ రాసేది ఏమన్నా బాగుంటుందా? ‘సభ జయప్రదంగా జరిగినది’ అని మొదలెట్టేవాడు. ఆ తర్వాత పేర్లు. సర్పంచి గారి పేరు, మునసబు గారి పేరు, కరణం గారి పేరు, పూలదండ తెచ్చినవాడి పేరు, మైకు కట్టినవాడి పేరు. చివర్న ‘తదితరులు పాల్గొన్నారు’. వార్తంటే అదీ! సభలో ఎవరేం మాట్లాడారో మాత్రం అందులో వెతికినా దొరికేది కాదు.

మా నాన్న దాన్ని అక్షరం కింద వేలు పెట్టుకుని చదివేవాడు. ఆయన చదువు వీధిబడితో ఆగిపోయింది. మిరప తోట, పత్తి చేను, ఊరి పెద్దరికం, అదే ఆయన లోకం. తన పేరు కనపడగానే వేలు అక్కడే ఆపి, “భలే రాశాడ్రా మనోడు!” అనేవాడు. నేను తెచ్చిన బహుమతి పుస్తకాలు మాత్రం గూట్లో పెట్టి, “బాగుందిలే, ముందు అన్నం తిను” అనేవాడు. ఆ ‘మనోడు’ అన్న మాట వింటే ముద్ద నోట్లోకి పోయేది కాదు నాకు.

క్రిస్మస్ సెలవుల్లో ధైర్యం చేసి విజయవాడలో ఆ పత్రికాఫీసుకు వెళ్లాను. కళ్లజోడు పెద్దమనిషి ఒకాయన నా వ్యాసాలు అటూ ఇటూ తిప్పి చూసి, “వ్యాసాలు అందరూ రాస్తారు బాబూ. నువ్వు పంపిన వార్త ఒకటి మా పేపర్లో పడితే, అది పట్టుకుని పరీక్షలయ్యాక రా. నీ సంగతి చూద్దాం” అన్నారు. ఒక్క వార్త! కానీ మా ఊరినించి వార్త పంపే హక్కు వాడిది. ఇంటికొచ్చి ఈ గోడు వెళ్లబోసుకుంటే మా అమ్మ, “ఆశ లావు, పీక సన్నం. కలెక్టరు పరీక్షకు చదువుకోరాదురా” అంది.

మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజుల్లో, పరీక్షలకు చదువుకోమని సెలవులిస్తే నేను ఇంటి దగ్గరుండగా, నా అదృష్టం పండింది. ఊళ్లో పశువుల ఆసుపత్రి ప్రారంభోత్సవానికి కలెక్టరు గారు వస్తున్నారు. సరిగ్గా ఆ రోజే వాడు చెల్లెలి పెళ్లి చీరలకు చీరాల వెళ్లాలి. మా అరుగు మీదకొచ్చి కూర్చుని, పత్రికవాళ్లు అడ్రసు అచ్చువేసి ఇచ్చిన కవరు ఒకటి నా చేతిలో పెట్టాడు.

“ఒరేయ్, ఈ ఒక్కటి నువ్వు పంపరా. పేర్లు మాత్రం మర్చిపోబాక. ముందు పేర్లు, ఆ తర్వాత నీ కవిత్వం.”

“నాకు చెప్పొచ్చావులే” అన్నాను. నవ్వి సైకిలెక్కాడు.

ఆసుపత్రి ముందు చోటు చాలక సభ పక్కనే ఉన్న మా కల్లంలో పెట్టారు. మా నాన్న ఎండే కాయనంతా ఒక మూలకు పోగు చేయించి, పట్టలు కప్పించి, పేడనీళ్లు చల్లించి, మా ఇంట్లో మంచాలు కూడా మోయించాడు. పోగు చేసిన కాయ ముక్కిపోతుందని అమ్మ మొత్తుకుంటే, “ఊరి పరువే” అన్నాడు. తెల్ల పంచె కట్టుకుని వేదిక పక్కన నిలబడ్డాడు.

నేను ముందు వరసలో కూర్చున్నాను. సోడా కూడా ఇచ్చారు. కలెక్టరు గారు లేచి “సోదర రైతులారా” అనగానే మిరప ఘాటు తగిలి తుమ్మారు. మళ్లీ అన్నారు, మళ్లీ తుమ్మారు. జనం నవ్వారు, ఆయనా నవ్వారు. అబ్బ, రాశాను చూడండి! ఆ తుమ్ము, ఆ ఎండ, కొత్త డాక్టర్ని చూసి బెదిరి తాడు తెంచుకున్న కోడె, అన్నీ రాశాను. పేర్లు రెండే రాశాను, కలెక్టరు గారిదీ డాక్టరు గారిదీ. మిగతా అందర్నీ ‘తదితరులు’ అనేశాను. మా నాన్న పేరు కావాలనే వదిలేశాను. రాసేవాడు సొంతవాళ్లను పొగడకూడదని మా లెక్చరరు గారు చెప్పారు మరి.

వార్త పడిన రోజున బస్సు మీదినించి కట్ట కింద పడగానే అందరికన్నా ముందు పేపరు లాక్కున్నది మా నాన్నే. నా రెండు పేజీలూ కోసి నాలుగు లైన్లు చేశారు. తుమ్ము లేదు, కోడె లేదు. కలెక్టరు గారు ఆసుపత్రి ప్రారంభించారు, డాక్టరు గారూ తదితరులూ పాల్గొన్నారు. అంతే. ఆయన వేలు ఆ నాలుగు లైన్ల మీదా అటూ ఇటూ తిరిగింది.

“నా పేరేదిరా?”

“మనవాళ్ల పేరు మనం రాసుకోకూడదు నాన్నా.”

“తదితరులంటే ఎవురు?”

“అంటే... మిగతావాళ్లు.”

“మన కల్లంలో మీటింగు పెట్టుకుని నేను మిగతావోణ్ణంట్రా?” అన్నాడు. బస్టాండులో అందరూ విన్నారు. పేపరు నా చేతికిచ్చి చేనికి పోయాడు. ఆ ముక్క పట్టుకుని విజయవాడ ఏ మొహంతో వెళ్లను? గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

వాడు చీరాల నించి వచ్చి ఆ నాలుగు లైన్లూ చదివి, “పేర్లుంటే కొయ్యర్రా. పేరు కోస్తే మనిషి పేపరు మానేస్తాడని వాళ్లకీ తెలుసు” అన్నాడు. అని ఊరుకున్నాడా? ఆసుపత్రి సభకు స్థలమిచ్చినవాళ్లకూ సాయపడినవాళ్లకూ గ్రామస్తులు కృతజ్ఞతలు తెలిపారని ఒక వార్త పంపాడు. మొట్టమొదటి పేరు ‘ప్రముఖ మిరప రైతు, ఉదారస్వభావులు’ అంటూ మా నాన్నది. ఉదారస్వభావులు! ఆ మాట వాడికెక్కడ దొరికిందో!

అది పేపర్లో పడిన పూట మా నాన్న వాణ్ణి భోజనానికి పిలుచుకొచ్చాడు. ఇద్దరూ పీటల మీద పక్కపక్కన కూర్చున్నారు. అమ్మ గోంగూరలో నెయ్యి వాడికే ఎక్కువ వేసింది. నేను గుమ్మం దగ్గర నిలబడి మంచినీళ్ల చెంబు అందిస్తున్నాను. వాడు నా వైపు చూసి, “నువ్వూ కూర్చోరా” అన్నాడు, వాడి ఇల్లయినట్టు. ఆకలి లేదన్నాను. కడుపులో ఉన్నది ఆకలి కాదు మరి.

మా నాన్న పెరుగన్నం కలుపుకుంటూ నన్నొకసారి చూశాడు. కోపం ఏమీ లేదు. జాలిగానే చూశాడు, అదే నేను తట్టుకోలేకపోయాను.

“అబ్బాయ్, మావోడు గూడా పేపర్లో చేరాలని ఒకటే ఇదిగా ఉన్నాడు. చదువైతే ఉంది గానీ రాయటం చాతగాదు. నీ దగ్గర కూర్చోబెట్టుకుని కాస్త నేర్పరాదూ?”

వాడు వేళ్లు నాక్కుంటూ, “దాందేముంది బాబాయ్, ఆదివారం పంపించు” అన్నాడు.