కాలువ అవతలి ఇంటి లాంతరు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఏసు తల్లి మరియమ్మ ఇంటింటికీ తిరిగేది. మూరెడు ఎత్తున్న మట్టి స్వరూపం. నీలం ముసుగు, ముక్కు కొసన రంగు కాస్త పోయి ఉండేది. ఒక శనివారం సాయంత్రం ఒక ఇంటికి వచ్చిందంటే మళ్ళీ శనివారం దాకా అక్కడే. ఆ వారమంతా పొద్దుగూకే వేళకు వీధివాళ్ళు ఆ ఇంట్లో చేరి జపమాల చెప్పుకునేవాళ్ళు. చివర్లో ఆ ఇంటివాళ్ళు గుగ్గిళ్ళు పంచేవాళ్ళు.

మా వారం గుడి చుట్టూనే తిరిగేది. బుధవారం ఆడవాళ్ళు గుడి ఊడ్చి, సముద్రం ఒడ్డు నుంచి తట్టలతో ఇసుక తెచ్చి ముంగిట్లో పోసేవాళ్ళు. శుక్రవారం గుడి సంఘంవాళ్ళు జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ప్రార్థన చేసి రావాలని నియమం. ఆ నియమం మా ఇంటి విషయంలో ఎంత బాగా నడిచిందో కాసేపట్లో చెబుతాను. ఆదివారం ఫాదర్ గారు మోటారు సైకిలు మీద వచ్చి పూజ చేసి వెళ్ళేవారు. మిగతా రోజుల్లో జపాలు చెప్పించడం, గంట కొట్టడం, పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పడం ఉపదేశి గారి పని.

మరియమ్మ ఇల్లు మారేటప్పుడు ఒక పద్ధతి ఉండేది. ఏ ఇంటికి పోవాలో ఆ ఇంటి లాంతరు వచ్చి మరియమ్మ ఉన్న ఇంటి గడప ముందు నిలబడాలి. జపమాల ముగిశాక పాట ఎత్తుకుని అందరూ ఆ లాంతరు వెనక నడవాలి. మరియమ్మను పిలవడానికి వచ్చిన లాంతరును ఆర్పి పంపడం మా ఊళ్ళో లేదు. ఇళ్ళన్నీ ఒక చుట్టు అయిపోతే ఉపదేశి గారు గుడి లాంతరు తెచ్చేవారు. అప్పుడు మరియమ్మ గుడికి వెళ్ళి, మళ్ళీ మొదటి ఇంటితో కొత్త చుట్టు మొదలుపెట్టేది.

మా ఇల్లు ఉప్పు కాలువకు అవతల. వీధికీ మాకూ మధ్య రెండు తాటి దుంగలే దారి. చుట్టులో చివరి ఇల్లు మాదే.

ఆ ఏడు మా నాయన మంచాన పడ్డాడు. అలల్లోకి పడవ నెట్టేటప్పుడు అది తిరగబడి తుంటి మీద కొట్టింది. కట్లు కట్టినా లేచి నడవలేకపోయాడు. దుంగలు దాటలేడు కనుక పూజకు పోవడం లేదు. నాయనతో పడవెక్కే మామ, మిగతావాళ్ళు మొదట్లో వచ్చి కూర్చునేవాళ్ళు. తర్వాత రావడం మానేశారు. శుక్రవారం సంఘం సంగతి అడగొద్దు, వాళ్ళు మొదటి నుంచీ రాలేదు. నాయన గోడవైపు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకున్నాడు. పిలిస్తే పలికేవాడు కాదు. ఆయన నోట వచ్చే మాట ఒక్కటే, మన ఇంటికి మరియమ్మ వచ్చేది ఎప్పుడు అని. మరియమ్మ వస్తే వీధి మొత్తం వస్తుంది. అందుకోసం అమ్మ గోడలకు సున్నం కొట్టింది. నాయన తెల్లచొక్కా ఉతికి దాచింది. శనగలు నానబోయడమే మిగిలింది.

చుట్టులో మాకు ముందరి ఇంట్లో మరియమ్మ ఉన్న వారం, జపమాల అయ్యాక గుగ్గిళ్ళు పంచుతూ, సంఘాన్ని నడిపే ఆమె, ఊరంతా పెద్దమ్మ అని పిలిచే ఆమె, అందరూ వినేట్టు అన్నది.

"కాలువ అవతలకి ఏం పోతాంలే. ఆ దుంగల మీద ఎవురు నడస్తారు? ఈ శనివారం గుడికి చేర్చేద్దాం."

ఆ మాట అంటూనే నా దోసిట్లో గుగ్గిళ్ళు పోసింది. ఒక్కరు కూడా అదేందని అడగలేదు. నోటినిండా శనగలు పెట్టుకుని నిలబడిపోయాను. ఆ శనగల్లో ఉప్పు తక్కువైన సంగతి కూడా నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇంట్లో చెప్పగానే అమ్మ కొంగు బిగించింది. పెద్దమ్మ ఇంటి ముందు నిలబడి కడిగేసి వస్తానంది. నేనూ చెప్పులు వేసుకున్నాను. మా నాయనమ్మ మాత్రం దూలానికి వేలాడుతున్న లాంతరు దించి, గాజుబుడ్డిని బూడిదతో తోమడం మొదలుపెట్టింది. పోట్లాడితే వాళ్ళు మనింటికి రాకపోవడానికి ఇంకో సాకు దొరుకుతుందని అమ్మతో నెమ్మదిగా అన్నది. తర్వాత నన్ను దగ్గరికి పిలిచింది.

"శనివారం వాళ్ళు జపమాల మొదలుపెట్టకముందే పోయి గడప ముందర నిలబడు. ఎవురేమన్నా బదులు చెప్పబాకు. పాట ఎత్తుకుంటానే మనింటికి నడువు. ఎనక్కి చూడబాకు."

నాలాంటి పిల్లకు అందులో కష్టమైనది బదులు చెప్పకుండా ఉండడం.

శనివారం వెళ్ళి నిలబడ్డాను. జపమాల జరుగుతున్నంతసేపూ పెద్దమ్మ కళ్ళు నా మీదే ఉన్నాయి. అయిపోగానే బయటికి వచ్చింది.

"ఏందిమే, నువ్వెందుకొచ్చినావు? మీ ఇంటికి కాదని చెప్పినా గదా."

నేను లాంతరు ఇంకొంచెం పైకి ఎత్తాను.

"నోరు యాడ పెట్టొచ్చినావు మే, కాలవలోనా?" అని వెనక నుంచి ఇంకొకామె. నలుగురూ నవ్వారు. ఆమె ఎవరో నాకు తెలుసు. ఆమె మనవలు ఈ ఊళ్ళోనే ఉన్నారు కనుక చెప్పను.

అప్పుడే ఉపదేశి గారు గుడి లాంతరుతో వచ్చారు. నా వైపు చూశారు, నా లాంతరు వైపు చూశారు. తన లాంతరు వత్తి పూర్తిగా దించి, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపారు.

"నూనె అయిపోయినట్టుండాదే అక్కా. వచ్చిన దీపంతో పోదాం."

పక్కనే ఉన్నాను కదా, లోపల నూనె తొణికిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

"పోనీ, ఈ పిల్లనే గుడికాడికి నడవమనండి," అంది పెద్దమ్మ.

"అది వాళ్ళింటి దీపం అక్కా. వాళ్ళింటికే పోతాది," అంటూ ఆయనే పాట ఎత్తుకున్నారు.

పాట మొదలయ్యాక ఆపేవాళ్ళు ఎవరూ ఉండరు. నేను నడిచాను. వెనక్కి చూడకపోయినా ఇసుకలో అడుగుల చప్పుడు నాతోపాటే వస్తోంది.

కాలువ గట్టున పాట సన్నబడింది. పోటు సమయం, నీళ్ళు దుంగలను తాకుతున్నాయి. జనం ఆగిపోయారు. అవతల మా వాకిట్లో నాయనమ్మా అమ్మా నులకమంచం తెచ్చి వేసి ఉంచారు. తెల్లచొక్కాతో నాయన దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. ఇన్నాళ్ళ తర్వాత ఆయన ఆకాశం కింద కూర్చోవడం అదే మొదలు. చేతులు జోడించి మరియమ్మ వైపు చూస్తున్నాడు. ఆ చొక్కాలో సగం మనిషే మిగిలాడు. అది ఇవతలివాళ్ళందరికీ కనిపించింది.

పడవ మామ ముందుకొచ్చాడు. లుంగీ మడిచి కట్టి నీళ్ళలోకి దిగాడు. ఆయన వెనక మిగతా మగవాళ్ళు దిగారు. ఒడ్డునున్న పడవలోంచి ఎవరో మోకు విసిరితే, దాన్ని దుంగల పక్కన చేతిపట్టులా బిగించి పట్టుకుని నడుంలోతు నీళ్ళలో వరసగా నిలబడ్డారు. ఉపదేశి గారు మరియమ్మను ఎత్తుకుని దాటారు. ఆడవాళ్ళు మోకు పట్టుకుని ఒక్కొక్కరే దాటారు. నేను దుంగల మొదట్లో లాంతరు చూపిస్తూ నిలబడ్డాను.

చివరికి పెద్దమ్మ మిగిలింది. నా భుజం పట్టుకుంది.

"నాకు నీళ్ళంటే భయం మే," అంది నాకు మాత్రమే వినిపించేట్టు. "చిన్నప్పుడు మా తమ్ముడు ఈ కాలవలోనే పోయినాడు. ఎవురికీ చెప్పబాకు."

నేను ముందు, ఆమె వెనక దాటాం. ఆమె ఈ లోకం విడిచి చాలా ఏళ్ళయింది కనుక ఇప్పుడు చెబుతున్నాను. ఆ సంగతి విన్నాక నా కోపం సగం దిగిన మాట నిజం. మిగతా సగం దిగలేదు. భయమైతే భయమని చెప్పవచ్చు, దానికోసం మా ఇంటిని చుట్టులోంచి తీసేయనక్కర్లేదు. ఇప్పటికీ నా వాదన అదే.

ఆ సాయంత్రం మా వాకిట్లో నిలబడడానికి చోటు చాలలేదు. జపం ఎవరు మొదలుపెడతారని ఉపదేశి గారు అడిగితే, నాయన గొంతు సవరించుకున్నాడు. మొదటి మాటలు గీరుకుపోయినట్టు వచ్చాయి, తర్వాత నిలదొక్కుకున్నాయి. అమ్మ శనగలు పంచుతూ పంచుతూ గుంజ చాటుకు వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

పడవ మామ తడిసిన లుంగీతోనే మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"రేపట్నించి చినిగిన వలలు నీ కాడికే తెస్తాం బావా. నీ చేతులకేం కాలేదు గదా."

"నాకు చేతులుండాయని గుర్తొచ్చేదానికి ఇన్నాళ్ళు పట్టిందా?" అన్నాడు నాయన.

అందరూ నవ్వారు. మామ మాత్రం తల వంచుకుని నాయన మోకాలి మీద చెయ్యి వేశాడు. నేను ఎవరి పోలికో ఆ రోజు మా వీధికంతా తెలిసింది.

అన్నట్టే వలలు వచ్చాయి. వలలతో మనుషులూ వచ్చారు. మర్నాడు ఆదివారం పూజ అయ్యాక మగవాళ్ళు దుంగల మీద పలకలు పరిచి, రెండు వైపులా కొయ్యలు నాటి తాడు కట్టారు. కొన్నాళ్ళకు నాయన లేచి, కర్ర సాయంతో ఆ తాడు పట్టుకునే గుడికి వెళ్ళాడు. శుక్రవారం సంఘం కూడా రావడం మొదలుపెట్టింది. పెద్దమ్మ ముందు నడిచేది, నేను కాలువ దగ్గర ఎదురెళ్ళి చెయ్యి పట్టుకునేదాన్ని. మా ఇద్దరి మధ్య మాటలు అంతంత మాత్రమే. చెయ్యి మాత్రం ఎప్పుడూ ఇచ్చాను.

వారం తర్వాత మరియమ్మను తీసుకుపోవడానికి ఉపదేశి గారు గుడి లాంతరుతో వచ్చినప్పుడు, "ఈసారి నూనె ఉండాదా అయ్యా?" అని అడిగింది నాయనమ్మ.

"పోసుకొచ్చినానమ్మా," అన్నారాయన, నవ్వు ఆపుకుంటూ.

ఇప్పుడు ఆ కాలువ మీద సిమెంటు కల్వర్టు ఉంది. వీధి దీపాలు వచ్చాయి. అయినా మా ఊళ్ళో మరియమ్మ ముందు లాంతరే నడుస్తుంది. నాకు వయసు మీద పడింది, సంఘంలో ఉన్నాను, అక్కడ నా మాట చాలామందికి గిట్టదు. ఎవరు ఎప్పుడు ఏమన్నారో నాకు గుర్తుండడమే వాళ్ళ ఇబ్బంది. దాన్ని మానుకునే ఉద్దేశం నాకు లేదు. అయితే ఆ శనివారం నుంచి, కోపం వచ్చినప్పుడల్లా నా చెయ్యి ముందు లాంతరు కోసం వెతుకుతుంది.

ఈ మధ్య రొయ్యల చెరువుల పనికి ఒక కుటుంబం వచ్చింది. చెరువుగట్టు మీద రేకుల గదిలో ఉంటారు. ఆదివారం పూజకు వచ్చి చివరి వరసలో కూర్చుంటారు. మొన్న సంఘంలో, చుట్టు చివర వాళ్ళ ఇంటికి కూడా మరియమ్మను పంపే మాట వస్తే, "వాళ్ళు ఎప్పుడుంటారో, ఎప్పుడు పోతారో, ఎందుకులే," అన్నారు. ఎవరన్నారో నాకు గుర్తుంది. అక్కడేమీ అనలేదు. ఇంటికొచ్చి మా పాత లాంతరు తోమి, ఆ గదికి వెళ్ళి, వాళ్ళ అమ్మాయి చేతికిచ్చాను. నాయనమ్మ నాకు చెప్పిందే ఆ పిల్లకూ చెప్పాను.

శనివారం ఆ పిల్ల గడప ముందు లాంతరు ఎత్తి పట్టుకుని నిలబడింది. ఎవరో ఏదో అన్నారు, పిల్ల నోరు విప్పలేదు. గుడి లాంతరు తెచ్చే పని ఇప్పుడు సంఘంవాళ్ళది, ఆ రోజు వంతు నాది. వత్తి దించి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాను. నిండుగా ఉంది.

"నూనె అయిపోయినట్టుండాదే," అన్నాను.