ఎదురుబరువు లేని చెయ్యి

పరాయి ఊరి లాడ్జి గదిలో తెల్లవారడమంటే, ముందుగా నీళ్ళ పైపు దగ్గుతుంది, ఆ తరువాత నడవాలో ఎవరివో చెప్పులు నడుస్తాయి, ఆ పిమ్మట ఎప్పటికో వెలుగు వస్తుంది. మేస్త్రి ఉన్న గదిలో మాత్రం వీటన్నిటికంటే ముందు కప్పీ కిర్రుమనేది. తలుపు పైచట్రానికి కొక్కెం తగిలించి, దానికి చిన్న కప్పీ వేలాడదీసి, దాని మీదుగా తాడు వేసి, రెండు కొసలనూ రెండు చేతులతో పట్టుకుని నిలబడేవాడాయన. ఎడమచేతిని కిందికి లాగితే కుడిచెయ్యి పైకి పోయేది. పోతూ పోతూ భుజంలో ఎక్కడో నిప్పురవ్వ ఒకటి రాజేసి పోయేది. పళ్ళు బిగించి మళ్ళీ లాగేవాడు.

"బావా, ఆ కప్పీలో కాస్త నూనె పొయ్యి. లేకపోతే నా చెవుల్లోనైనా పొయ్యి" అన్నాడు దుప్పటిలోంచి బావమరిది.

"నువ్వు నిద్రపోరా."

"నిద్రపోయేవాణ్ణి నిద్రపొమ్మని ఎవరైనా అంటారా? లేపినవాణ్ణే అంటారు."

బావమరిది తర్కంలో గట్టివాడు. లేవడంలోనే కొంచెం మెత్తన. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో వాళ్ళిద్దరిదీ జంట. ఏ ఊళ్ళో లిఫ్టు మొరాయిస్తే ఆ ఊరికి బస్సెక్కడం, పని ముగిశాక అక్కడినుంచే ఇంకో ఊరికి పోవడం. సొంత మంచం మీద పడుకునే రోజులకంటే లాడ్జి మంచాల మీద నడుము వాల్చే రోజులే ఎక్కువ.

మేస్త్రికి యాభై దాటాయి. లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడి, నిలువు సొరంగంలాంటి దారిలో పైకీ కిందికీ తిరిగే మనిషి గనుక కంపెనీలో ఆయనను అందరూ "పైవాడు" అనేవారు. లిఫ్టులో ఇరుక్కుపోయి కంగారుపడుతున్నవాళ్ళకు ధైర్యం చెప్పబోయి, బావమరిది బయటినుంచి "భయపడకండి, పైవాడు మీ దగ్గరికే వస్తున్నాడు" అని కేకవేసి, వాళ్ళను మరింత హడలగొట్టిన సందర్భాలు లేకపోలేదు.

ఆ ఏడు మేస్త్రి కుడిభుజం బిగుసుకుపోయింది. దెబ్బ తగిలిందా అంటే లేదు, పడ్డాడా అంటే లేదు. మొదట చొక్కాలో చెయ్యి దూర్చడం కష్టమైంది. తరువాత దువ్వెన తలదాకా పోవడం మానేసింది. "మీరు తల దువ్వుకోవట్లేదండీ, దువ్వెనకి తల అందిస్తున్నారు" అని ఆ సంగతిని మొట్టమొదట కనిపెట్టింది ఆయన భార్య. చివరికి ఒకనాడు, నెత్తి మీద బిగించవలసిన బోల్టు కింద నిలబడి, అందని పండును చూసినట్టు దానిని చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు ఇన్‌ఛార్జి కంటపడింది.

లిఫ్టు నెత్తిన పనిచేసేవాడికి మొదటి నియమం ఒకటుంది: ఒక చెయ్యి పట్టుకోవడానికి, ఒక చెయ్యి పని చెయ్యడానికి. పట్టుకున్న చెయ్యి పట్టు వదిలి పనిలోకి రాకూడదు. అంటే కుడిచెయ్యి లేవని మనిషికి అక్కడ చోటు లేదు.

"మూడు నెలలు కింది పనులు చూసుకోండి మేస్త్రీ" అన్నాడు ఇన్‌ఛార్జి. వయసులో చిన్నవాడు, మాటలో మర్యాదస్థుడు. "ఆ తర్వాత నేనే వచ్చి చూస్తాను. చెయ్యి తల దాటి లేస్తే మళ్ళీ పైకెక్కండి. లేవకపోతే స్పేర్‌పార్టుల కౌంటర్ ఉండనే ఉంది. కూర్చుని చేసే పని. జీతమేం తగ్గదు."

తగ్గదన్న ఆ మాటే మేస్త్రిని తగ్గించినట్టనిపించింది. ఓదార్పుమాటల తీరే అంత. పోయేదేమిటో చెప్పకుండా, మిగిలేదానిని మాత్రం ఎత్తిచూపుతాయి. ఆయనకు ఆ కౌంటర్ తెలుసు. తనకు పని నేర్పిన పెద్దాయన చివరి సంవత్సరాలు అక్కడే, ఇనుపవల వెనక కూర్చుని గడిపాడు. బోల్టు కోసం ఎవరు వెళ్ళినా "ఏ బిల్డింగ్? ఎన్నో అంతస్తు? ఎలాంటి చప్పుడు?" అని అడిగేవాడు. బోల్టు చేతిలో పెట్టేవాడు గాని, ఆ చేతిని ఒక పట్టాన వదిలేవాడు కాదు.

భుజాలకూ మోకాళ్ళకూ వ్యాయామం నేర్పే ఫిజియో డాక్టరమ్మ దగ్గరికి భార్యే తీసుకువెళ్ళింది. ఆమె మేస్త్రిని గోడకు ఎదురుగా నిలబెట్టి, కుడిచేతి వేళ్ళను గోడ మీద చీమల్లా పైకి పాకించమంది.

"రెండో చెయ్యి సాయం రాకూడదు. రోజూ చెయ్యాలి. ఇంట్లో ఉన్నా, ఊళ్ళు తిరుగుతున్నా."

"చేస్తానమ్మా" అన్నాడు మేస్త్రి.

మన క్రియాపదాలలో ఒక చిత్రముంది. "చేస్తాడు" అంటే రేపు చేస్తాడనీ అర్థమే, రోజూ చేస్తాడనీ అర్థమే. సంకల్పానికీ అలవాటుకూ మన భాష ఒకే తొడుగు తొడిగింది. వ్యాయామం చేస్తామనేవారిలో అత్యధికులు మొదటి అర్థంలోనే ఆయుష్షు వెళ్ళబుచ్చుతారు. వారిని తప్పుపట్టగల అర్హత లోకంలో బహు కొద్దిమందికే ఉంటుంది. మేస్త్రి మాత్రం రెండో అర్థపు మనిషి. పట్టిన పట్టు విడవడు.

అయితే గోడ ఆయనకు లొంగలేదు. వేళ్ళు గుండె ఎత్తుకు చేరగానే, ఏరు చూసిన ఎద్దుల్లా నిలబడిపోయేవి. ఎంత అదిలించినా మరి కదిలేవి కావు. అప్పుడాయన బుర్రలో వృత్తి మెరిసింది. లిఫ్టును పైకి తీసుకుపోయేది ఒక్క మోటారే అనుకుంటారు జనం. నిజానికి తాడు రెండో కొసకు ఎదురుబరువు వేలాడుతూ ఉంటుంది. అది దిగుతుంటే పెట్టె తేలికగా లేస్తుంది. చేతికి మాత్రం ఆ సదుపాయం ఎందుకుండకూడదు? కప్పీ, తాడు, కొక్కెం సంచిలో ఉండనే ఉన్నాయి. మొదటి ఉదయమే కుడిచెయ్యి తల దాటింది. మేస్త్రి ఆనందానికి అవధులు లేవు.

నాటినుంచి ఆ కప్పీ రెంచీల మధ్య కాపురం పెట్టి ఊరూరా తిరిగింది. తెల్లవారుజామున బస్సుంటే బస్టాండులో మూసి ఉన్న దుకాణపు చూరుకు వేలాడేది. జ్వరం వచ్చిన రోజున కూడా వేలాడింది. భార్య రోజూ ఫోన్ చేసేది.

"చేశారా?"

"చేశాను."

"తాడుతోనా, నోటితోనా?"

"నమ్మకపోతే మీ తమ్ముణ్ణి అడుగు."

"వాడా? ఆ టైముకి వాడికి తన చేతులే ఎక్కడున్నాయో తెలియదు. వాడి సాక్ష్యం చెల్లదు."

రెండు నెలలు గడిచాక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళేటప్పుడు కప్పీని కూడా వెంట తీసుకుపోయాడు. బాగా చదివిన పిల్లవాడు ప్రశ్న అడగకముందే చెయ్యెత్తినట్టు, ఆమె అడగకముందే తలుపుకు తగిలించాడు. ఎడమచెయ్యి దిగింది, కుడిచెయ్యి మీది చట్రాన్ని తాకింది. భార్య వైపు గర్వంగా చూశాడు.

"బాగుంది. ఇప్పుడు తాడు వదిలేసి ఎత్తండి" అంది డాక్టరమ్మ.

తాడు వదిలేశాడు. చెయ్యి గుండెదాకా లేచింది. అక్కడ వణికింది. అంతే.



"మేస్త్రిగారూ, ఇన్నాళ్ళూ పైకెళ్ళింది మీ కుడిచెయ్యే. తీసుకెళ్ళింది మాత్రం ఎడంచెయ్యి. మీ చెయ్యి లిఫ్టెక్కి వెళ్ళొస్తోందండీ. మెట్లెక్కడం దానికింకా రాలేదు."

పెట్టెను లేపేది ఎదురుబరువేనని ఎందరికో విడమర్చి చెప్పిన మనిషి! దీపం కిందే చీకటి. ఆయన తాడును మెల్లగా చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

"అయితే ఇదంతా వృథాయేనా అమ్మా?"

"వృథా కాదు. కీలు వదులైంది, అది మీ కప్పీ చలవే. కానీ బలం వేరే సంగతి. దానికి అడ్డదారి లేదు."

"ఇంకో నెలే గడువుంది."

"సరిపోతుందని చెప్పలేను. సరిపోదనీ చెప్పను."

 ఇంటికి వచ్చే దారిలో భార్య ఉండబట్టలేక, "ఇప్పుడేం చేస్తారు?" అని అడిగింది.

"గోడ" అన్నాడు మేస్త్రి. 

ఆ నెలంతా వానలు. లిఫ్టు గుంతల్లో నీళ్ళు చేరి, ఏ ఊళ్ళో చూసినా ఏదో ఒక లిఫ్టు చతికిలబడింది. బస్సులోనే తినడం, బస్సులోనే కునుకు. అయినా గోడ లేని ఊరు లేదు గదా! చెమ్మెక్కిన లాడ్జి గోడలు, ముట్టుకుంటే సున్నం రాలే గోడలు, పోస్టర్ల మీద పోస్టర్లంటించిన బస్టాండు గోడలు, ఆసుపత్రి వరండాల నున్నటి గోడలు, అన్నిటి మీదా ఆయన వేళ్ళు పాకాయి. ఒకనాడు బాగుచేసిన లిఫ్టును పరీక్షించడానికి అందులోనే పైకి పోతూ, రేకుగోడ మీద వేళ్ళు పాకించసాగాడు. మధ్య అంతస్తులో ఎక్కిన ఒక ముసలావిడ కాసేపు జాలిగా చూసి, "బాబూ, మీటలు ఇటుపక్కన ఉన్నాయి" అని చెయ్యి పట్టుకుని చూపించింది.

కప్పీ కిర్రుమనడం ఆగింది గనుక బావమరిది హాయిగా నిద్రపోవాలి న్యాయానికి. వింత ఏమిటంటే, అతనే ముందు లేచి కాపలా కాయడం మొదలుపెట్టాడు. రెండు నెలల అలవాటు కొద్దీ ఎడమచెయ్యి తనకు తెలియకుండానే వచ్చి కుడిమోచేతిని కిందినుంచి ఎగదోసేది.

"బావా, దొంగ లేచాడు!"

"ఏదిరా?"

"అదిగో, మోచేతి కిందకొచ్చాడు. ఉండు, వాణ్ణి కట్టేస్తాను." తువ్వాలుతో ఎడమచేతిని నడుముకు చుట్టి ముడివేసేవాడు. అక్క ఫోన్ చేస్తే తనే అందుకుని, "ఎడంచెయ్యి కస్టడీలో ఉందక్కా. కుడిచేతిని విచారిస్తున్నాం. ఇంకా నిజం ఒప్పుకోవట్లేదు" అని నివేదిక ఇచ్చేవాడు.

ఒప్పుకోలేదన్న మాట నిజమే. ఒకనాడు గడ్డం ఎత్తుకు చేరిన వేళ్ళు మరునాడు మళ్ళీ గుండె దగ్గరే ఆగిపోయేవి. గడువు ముంచుకొస్తున్న ఒక ఉదయం, బూజుపట్టిన గోడ ముందు ఆయన నుదుటి చెమట చూసి బావమరిదికి మనసు కరిగింది.

"ఇవాళ్టికి మానెయ్ బావా. నిన్నటికంటే కిందే ఆగింది."

"నిన్న ఎక్కడిదాకా వెళ్ళానో ఈ గోడకి తెలియదురా. ఇది వేరే ఊరి గోడ" అని మేస్త్రి మళ్ళీ అడుగునుంచి మొదలుపెట్టాడు.

ఇన్‌ఛార్జి చెప్పిన మాట ప్రకారం వచ్చాడు. ఆఫీసులన్నీ ఉన్న ఎత్తయిన భవనం. ఒక అంతస్తులో లిఫ్టు తలుపు సరిగ్గా పడడం లేదు. ఆ తలుపు తాళం బిగించాలంటే పెట్టె నెత్తిన నిలబడి, తలకంటే జానెడు ఎత్తున ఉన్న స్క్రూను అందుకోవాలి. మూడు నెలల తరువాత మేస్త్రి మళ్ళీ అక్కడ అడుగుపెట్టాడు. ఆగే మీట నొక్కాడు. గ్రీజు వాసన, చల్లటి గాలి, సన్నగా వణికే ఉక్కుతాళ్ళు. ఎడమచేత్తో అడ్డకడ్డీ పట్టుకున్నాడు. పక్కనే ఇన్‌ఛార్జి టార్చి పట్టుకుని నిలబడ్డాడు. బయట వరండాలో బావమరిది.

స్క్రూడ్రైవరు పట్టిన చెయ్యి లేచింది. గుండె దాటింది, గడ్డం దాటింది, నుదుటి దగ్గర వణికి జారిపోయింది.

"పర్వాలేదు మేస్త్రీ..." అన్నాడు ఇన్‌ఛార్జి. ఆ "పర్వాలేదు" వెనక ఇనుపవల ఉన్నదని మేస్త్రికి తెలుసు.

"ఒక్క నిమిషం సార్."

"బావా, దొంగ?" అని వినిపించింది తలుపు సందులోంచి.

"కడ్డీ పట్టుకుని ఉన్నాడు. నోరు ముయ్యి!"

మేస్త్రి స్క్రూడ్రైవరును బొటనవేలికీ అరచేతికీ మధ్య ఇరికించుకున్నాడు. మిగిలిన వేళ్ళను తలుపు చట్రం మీద ఆనించాడు. వేళ్ళు కదిలాయి. ఇనుము మీద ఒక వేలు, దాని పైన ఇంకో వేలు. నుదురు దగ్గర ఆగాయి. భుజంలో నిప్పు రాజుకుంది. ఆయన దించలేదు. నిలబెట్టి ఊపిరి పీల్చుకుని మళ్ళీ పాకించాడు. తల దాటింది. చూపుడువేలికి స్క్రూ తగిలింది. చట్రం మీదినుంచి వేళ్ళు ఎత్తేశాడు. ఈసారి చెయ్యి జారలేదు. వణుకుతూనే స్క్రూడ్రైవరు గాడిలో కూర్చుంది. తిప్పాడు. ఆపాడు. మళ్ళీ తిప్పాడు. తాళం టక్కున పడింది.

ఇన్‌ఛార్జి టార్చి వెలుగులో ఎడమచేతి వైపు చూశాడు. అది కడ్డీని వదలలేదు.

"ఇలా గోడెక్కే చేతిని నేనెక్కడా చూడలేదు మేస్త్రీ."

"ఎలా ఎత్తాలో మీరు చెప్పలేదు గదా సార్. ఎత్తాలన్నారు."

ఇన్‌ఛార్జి నవ్వాడు. "సరే, పైకెక్కండి. కానీ నెలనెలా వచ్చి చూస్తాను. తగ్గిందంటే మాత్రం మొహమాటపడను."

"పడొద్దు సార్."

"ఇక దిగుదాం పదండి. పై అంతస్తు తలుపుది కూడా ఇదే జబ్బు. అది రేపు చూద్దురు గాని, ఇవాళ్టికి చాలు."

మేస్త్రి చెయ్యి దించి, వేళ్ళు ఒకసారి ముడిచి విప్పాడు. వేళ్ళ కొసలు తిమ్మిరెక్కాయి. భుజం ఇంకా మండుతూనే ఉంది.

"ఇప్పుడే చేసేస్తాను సార్. చెయ్యి వేడి మీదుంది" అని, ఆగే మీటను విడిచి, పెట్టెను మెల్లగా పైకి నడిపించాడు.