మా ప్రెసిడెంటు గారి చెవిలో హోరు

మా ప్రెసిడెంటు గారు పోయారు. దేశానికి కాదు, భవానీపురంలో మా అపార్ట్‌మెంటుకి ప్రెసిడెంటు. గురువారం పొద్దున కాఫీ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, కుర్చీలోనే ఒరిగిపోయారు. మాది ఎదురు ఫ్లాటు కాబట్టి వార్త వాట్సాప్ గ్రూపుకెక్కే వేళకి నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. ఆయన్ని బాబాయి గారనీ, ఆయన భార్యని పిన్ని గారనీ పిలవడం నాకలవాటు. పిన్ని గారు నా చెయ్యి పట్టుకుని, "ఆదివారం మీటింగు పెట్టాలన్నారే అమ్మాయ్" అన్నారు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఒకప్పుడు మనుషులొస్తున్నారంటే గదిలోకి వెళ్ళి తలుపేసుకున్న మనిషి, పోయేముందు కూడా మీటింగు గురించి ఆలోచించారు. అది మామూలు గెలుపు కాదు. అది చెబుదామనే ఇది రాస్తున్నాను.

బాబాయి గారు కంకిపాడు వైపు ఒక రైసు మిల్లులో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. ఆయన మిల్లుని వదిలారు గానీ మిల్లు మోత ఆయన్ని వదల్లేదు. ఎప్పుడూ చెవిలో హోరు. డాక్టరు దానికి టిన్నిటస్ అని పేరు చెప్పి, పరీక్ష చేసి, "మీ వయసుకి వినికిడి బాగానే ఉందండీ" అన్నారట. కుక్కరు విజిల్ వేసే ముందు సన్నగా బుస్సుమంటుంది చూడండి, ఆ చప్పుడు రాత్రీ పగలూ ఆగకపోతే ఎలా ఉంటుందో అనుకోండి. ఆయన చలికాలంలో కూడా టేబుల్ ఫ్యాను గోడవైపు తిప్పి వేసుకుని పడుకునేవారు. ఆ చప్పుడులో హోరు కాస్త మరుగున పడుతుందట. అదే మనిషి, నేను మాట్లాడటానికి వెళ్తే ముందు లేచి ఫ్యాను కట్టేసేవారు. మే నెల బెజవాడలో ఫ్యాను లేకుండా కూర్చోబెట్టి కబుర్లు చెప్పమనే మనిషిని నేను ఆయన్నొక్కరినే చూశాను.

"నిద్రకేమో చప్పుడు కావాలి, మాటకేమో చప్పుడు అడ్డం. ఇదమ్మా నా సంబడం" అని నవ్వేవారు.

నవ్వేవారు గానీ లోపల కుమిలిపోయేవారు. పెళ్ళికి వెళ్తే ఒకపక్క మేళం, ఒకపక్క డీజే, బంతిలో వడ్డించేవాళ్ళ కేకలు. ఇన్నిటి మధ్య పక్కవాడి మాట ఏరుకోవాలి. చెవిలో పడుతుంది, కానీ పట్టుకోవడానికి ప్రాణం పోతుంది. ఒక గంట అలా విని ఇంటికొస్తే ఇక ఆ రోజు మంచం దిగేవారు కాదు. మెల్లగా పెళ్ళిళ్ళు మానేశారు, తర్వాత పేరంటాలు, తర్వాత సాయంత్రం కింద అరుగు మీద కూర్చోవడం. "చెవులు బాగానే ఉన్నాయటగా, పొగరు కాకపోతే ఏంటి" అన్నారు చుట్టాలు. పిన్ని గారి దిగులు ఇంకొకటి. "మనుషులంటే పడిచచ్చే మనిషమ్మా ఆయన. ఇలా గదిలో కూర్చుంటే ఎన్నాళ్ళుంటారు?" అనేవారు నాతో.

తప్పనిసరిగా వెళ్ళాల్సిన చోట ఆయన ఒక ఉపాయం పెట్టుకున్నారు. ఎవరేమన్నా నవ్వుతూ "అలాగేనండీ" అనడం. మన వైపు ఈ మాటతో ఏ పనైనా గడిచిపోతుంది. ఒక్కోసారి పని మెడకి కూడా చుట్టుకుంటుంది. ఒకసారి అపార్ట్‌మెంటు మీటింగు సెల్లారులో జరుగుతోంది. బోరు మోటారు తిరుగుతోంది, పదిమందీ ఒకేసారి మాట్లాడుతున్నారు. బాబాయి గారు ఒక మూల కూర్చుని అందరికీ "అలాగేనండీ" అంటున్నారు. చివర్లో అందరూ చప్పట్లు కొట్టారు, ఆయనా కొట్టారు.

లిఫ్టులో నన్నడిగారు: "ఎవరికమ్మా చప్పట్లు?"

"మీకే బాబాయి గారూ. మీరు ప్రెసిడెంటయ్యారు."

ఆయన మొహం పాలిపోయింది. ఇంట్లో అడుగుపెడుతూనే, తెల్లారగానే రాజీనామా ఇచ్చేస్తానన్నారు. నాకు ఒళ్ళు మండింది. "ఇవ్వండి. ఇచ్చేసి ఆ గదిలో కూర్చోండి. ఇక మిమ్మల్ని బయటికి పిలిచేవాళ్ళు కూడా ఉండరు" అన్నాను. నా నోరు అంతే, మా వాళ్ళందరికీ తెలుసు. పిన్ని గారు వంటింట్లోంచి తొంగిచూశారు గానీ నన్ను ఆపలేదు. చివరికి ఆయన, "ఒక్క మీటింగు చూస్తాను. వల్ల కాకపోతే మాత్రం నన్నొదిలెయ్యాలి" అన్నారు.

ఆ మీటింగు మొదలవకముందే రెండో అంతస్తులో లారీల వ్యాపారం చేసే ఆయన లేచారు. మనిషి మంచివారే, గొంతు మాత్రం హైవేకి సరిపోతుంది. "ఏమనుకోకండి, మాట వినపడనాయన్ని ప్రెసిడెంటుని చేస్తే ఎలాగండీ? మార్చేద్దాం" అన్నారు.

బాబాయి గారు లేచి నిలబడ్డారు. "వినపడకపోవడం కాదండీ. నాకు మీ అందరికంటే ఒకటి ఎక్కువే వినపడుతుంది, చెవిలో హోరు. దాని మీద మోటారు, దాని మీద మీరు పదిమంది. ఇందులోంచి ఒక్క మాట ఏరుకోవాలంటే నా తల పగిలిపోతుంది. సిగ్గుపడి ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇవాళ చెబుతున్నాను. మోటారు ఆపండి. కుర్చీలు గుండ్రంగా వేయండి. మీరెవరూ పెద్దగా చెప్పక్కర్లేదు, ఒక్కొక్కరే చెప్పండి. అప్పుడు నేను వినలేకపోతే మీరన్నట్టే మార్చేయండి."

వాచ్‌మన్ మోటారు కట్టేశాడు. సెల్లారులో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను. ఎవరు మొదలుపెట్టాలో తెలియక అందరూ మొహాలు చూసుకున్నారు. అప్పుడు అయిదో అంతస్తులో జాకెట్లు కుట్టే ఆవిడ, రంజానుకి అందరిళ్ళకీ సేమ్యా పంపే ఆవిడ, మెల్లగా అన్నారు: "మాకు పొద్దున పూట నీళ్ళు రావండీ. కుళాయి తిప్పితే దారంలా వస్తాయి. ప్రతి మీటింగులోనూ చెబుతూనే ఉన్నా."

బాబాయి గారు ముందుకు వంగి, "ఆగి చెప్పండమ్మా, నేను మీ వెనకే వస్తున్నాను" అన్నారు. ఆవిడ మొత్తం చెప్పారు. ఆయన విన్నది విన్నట్టు తిరిగి అప్పజెప్పారు. ఒక్క ముక్క పోలేదు.

లారీల ఆయన తల గోక్కున్నారు. "నాకు చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయండీ. అయినా ఈ సంగతి వినడం ఇదే మొదలు. మీరే ఉండండి ప్రెసిడెంటుగా" అన్నారు. వారం తిరక్కుండా ట్యాంకు నుంచి అయిదో అంతస్తుకి వేరే పైపు పడింది. ఆ పని దగ్గరుండి చేయించింది కూడా లారీల ఆయనే.

ఆ రోజు మీటింగు నుంచి వచ్చి బాబాయి గారు కళ్ళు మూసుకుని సోఫాలో పడిపోయారు. "అలిసిపోయారా?" అన్నాను. "అలిసిపోయానమ్మా. కానీ ఇది పనిచేసిన అలసట. అదివరకు ఊరికే అలిసిపోయేవాణ్ణి" అన్నారు. ఆ మొహంలో అంత వెలుగు చూసి పిన్ని గారు కళ్ళు ఒత్తుకున్నారు.

హోరు తగ్గలేదు, చివరిదాకా తగ్గలేదు. ఆయనే దానికి వెరవడం మానేశారు. పెళ్ళికి వెళ్తే, "బాబూ, ఆ స్పీకరుకి దూరంగా నాకో కుర్చీ వెయ్యి" అని దర్జాగా అడిగేవారు. మంగళగిరిలో వాళ్ళ మేనకోడలి కూతురి పెళ్ళిలో ఏకంగా డీజే కుర్రాళ్ళని పిలిచి, భోజనాల వేళ పాటలు ఆపించారు. ముసలివాళ్ళంతా వచ్చి ఆయన చుట్టూ చేరారు. వాళ్ళలో సగం మందికి అదే బాధని అక్కడే బయటపడింది. ఆ మధ్యాహ్నం ఆయన రెండుసార్లు పాయసం వేయించుకున్నారు.

పదకొండో రోజు అయ్యాక ఆదివారం సెల్లారులో సంతాపసభ పెట్టాం. లారీల ఆయన ఒక్క మాట చెప్పి కూర్చుండిపోయారు. తర్వాత అయిదో అంతస్తు ఆవిడ లేచారు. కొంగు తలమీదికి లాక్కుని, ఎప్పటి గొంతుతోనే మొదలుపెట్టారు. "ఈ సార్ నన్ను గట్టిగా మాట్లాడమని ఒక్కసారి కూడా అనలేదు" అన్నారు. ఇంకా చాలా చెప్పారు, తొందరపడకుండా, మధ్యలో ఆగి కళ్ళు తుడుచుకుంటూ. ఎవరూ అడ్డు రాలేదు. వెనక వరుసలో కూర్చున్న పిన్ని గారు ఆవిడ ప్రతి మాటకీ తల ఊపుతున్నారు.