దారానికి కట్టిన నల్ల పెన్ను

అమీర్‌పేటకు మధ్యాహ్నం మూడింటికి ఒక మగత కమ్ముతుంది. ఒక క్లాసు వదిలి ఇంకొకటి మొదలయ్యేలోపు, మెట్రో కింది నీడలో జనం నడుస్తూనే కునుకు తీస్తున్నట్టుంటారు. మొన్న ఆ వేళకే పంజాగుట్టలోని మా కాలేజీ నుంచి నడుచుకుంటూ పాత జిరాక్సు షాపుకు బయల్దేరాను. లెక్చరర్లందరం మా నోట్సులు స్కాన్ చేసి, ఏ కాలేజీ పిల్లలైనా చదువుకునేలా నెట్‌లో పెట్టాలని మా కాలేజీలో కొత్తగా నిర్ణయించారు. స్టాఫ్ రూములో ఒకటే గోల. "ఇన్నేళ్ల కష్టం ఊరికే పంచిపెట్టాలా అండీ?" అని ఒక పెద్దాయన కస్సుమన్నారు. ఆయన్ని కాదనే మొహం నాకెక్కడిది?

ఎం.టెక్. అయ్యాక ఆ షాపున్న వీధిలోనే ఒక లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. మెట్రో స్తంభాలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. దుమ్ములోంచి వచ్చే ఎండ గదిలో పసుపుగా తేలుతుండేది. నాది తెనాలి, నా రూమ్మేట్‌ది సిద్దిపేట దగ్గర పల్లె. ఆమె 'జర' అంటే నేను నవ్వేదాన్ని, నేను 'ఏంటీ' అంటే ఆమె వెక్కిరించేది. ఇద్దరం ఒకే కోచింగుకు వెళ్లేవాళ్లం. ఇద్దరి కళ్లూ ఒక పెద్ద ప్రొఫెసర్ దగ్గరున్న పీహెచ్‌డీ సీటు మీదే. అది ఒక్కటే సీటు.

జిరాక్సు షాపులో ఒక పద్ధతి ఉండేది. క్లాసులో ఎవరి చేతిరాత బాగుంటే వాళ్ల నోట్సును షాపు అన్న మాస్టర్ కాపీగా దాచుకునేవాడు. తర్వాత వచ్చేవాళ్లందరికీ దాన్నుంచే నకళ్లు. కౌంటరుకు దారంతో ఒక నల్ల పెన్ను వేలాడుతుండేది. ఎవరికైనా తప్పు కనిపిస్తే వచ్చి మాస్టర్ కాపీలోనే దిద్దిపోవాలి. అడిగేవాళ్లు లేరు, పేరు రాసేపని లేదు. ఆ ఏడాది చేతిరాత నాది. యంత్రంలోంచి వచ్చిన వెచ్చటి కాగితం బుగ్గకు ఆనించుకుంటే ఎంత హాయిగా ఉండేదో!

ఇంటర్వ్యూకు నెల ముందు ఆమెకు టైఫాయిడ్ వచ్చింది. ఆమె మంచం మీదున్న రోజుల్లోనే మా సారు ఒక పెద్ద నిరూపణ చెప్పారు. మూడు పేజీలు, మెలికంతా మధ్య పేజీలోనే. ఆ ప్రొఫెసర్‌కు అదంటే ప్రాణమనీ, తప్పక అడుగుతారనీ కూడా చెప్పారు. నోట్సు షాపులో ఇచ్చే రోజున నా బుద్ధి గడ్డి తింది. మధ్య పేజీ తీసేశాను. పేజీ నంబర్లు దిద్దాను. తెగిన చోట 'ఇక్కడి నుంచి సులభంగా వస్తుంది' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. ఛీ, నా బతుకు!

"నీ నోట్సు ఇస్తవా, జర చూసుకుంట" అని ఆమె దుప్పట్లోంచి అడిగింది.

"షాపులో ఇచ్చేశానే, అక్కడ తెచ్చుకో" అన్నాను. తెచ్చుకుంది.

ఇంటర్వ్యూలో అదే అడిగారు. ఆమె బోర్డు ముందు సగంలో ఆగిపోయింది. సీటు నాకు వచ్చింది. ఆ సాయంత్రం ఆమే నా నోట్లో మిఠాయి పెట్టి, "నా ఫికర్ జెయ్యకు, నువ్వు మంచిగ చదువుకో" అంది. వారానికి పెట్టె సర్దుకుని ఊరికి వెళ్లిపోయింది. ఆ మధ్య పేజీ మాత్రం ఇన్నేళ్లూ నా ట్రంకుపెట్టె అడుగునే ఉండిపోయింది.

స్కాన్ చేద్దామంటే నా దగ్గర ఉన్నది ఆ ఒక్క పేజీయే. మిగతా నోట్సంతా షాపులోనే. అన్నకు జుట్టు నెరిసింది గానీ నన్ను గుర్తుపట్టాడు. "మేడమ్, మీ కాపీ ఇంక నడుస్తనే ఉంది. మస్తుమంది తీస్కపోతరు" అంటూ అరలోంచి తీసి ఇచ్చాడు. నేను నేరుగా ఆ చోటికి తిప్పాను.

'సులభంగా వస్తుంది' మీద ఒక అడ్డగీత. దాని వెనక అతికించిన ఒక పేజీ. కుదురు లేకుండా కుడివైపు ఒరిగే ఆ అక్షరాలు నాకు బాగా తెలుసు. ఒక్క మెట్టు వదలకుండా నిరూపణంతా ఉంది. అడుగున 'మధ్యలో ఒక పేజీ జారిపోయినట్టుంది' అని రాసి ఉంది.

"ఇదెప్పుడు రాసింది అన్నా?"

"ఊరికి పొయ్యేటప్పుడు. పెట్టె గీడ పెట్టి, నిలబడి రాసింది. బస్సు సుత పోయింది పాపం."

యంత్రం కింది పచ్చటి వెలుగు అటూ ఇటూ కదులుతోంది. బయటికొచ్చి ఆమెకు ఫోన్ చేశాను. ఇప్పుడు వరంగల్‌లో పాఠాలు చెబుతోంది. పండగలకు మెసేజీలు తప్ప మా మధ్య మాటల్లేవు.

"ఆ పేజీ..." అన్నాను.

"నువ్వు తీసినవని ఇంటర్వ్యూ నుంచి వచ్చి కాయితాలు మళ్ల చూసిన దినమే ఎర్క. నంబర్లు దిద్దినవి కానొస్తలేవా?"

"మరి నన్ను ఒక్క మాటా అనలేదేంటే?"

"మస్తు కోపమొచ్చింది. ఏడ్చిన గూడ. గని నా ఎనక వచ్చెటోళ్లు సుత గా బోర్డు ముంగట ఆగిపోతరు గదా అనిపిచ్చింది. వారం కూసోని అదంత చేసిన."

నేను ఏడుస్తుంటే ఆమె ఫోన్ పెట్టేయలేదు. తర్వాత మళ్లీ లోపలికి వెళ్లాను. దారానికి ఇప్పుడు వేరే పెన్ను ఉంది, అదీ నల్లదే. 'జారిపోయినట్టుంది' అన్న మాట కొట్టేశాను. 'జారిపోలేదు, నేనే తీసేశాను' అని రాసి, కింద నా పేరు పెట్టి, స్కాన్ చేయమని అన్న చేతికిచ్చాను.