మంచి కాలు ముందు

మొన్న అత్తాపూర్‌లో ఉండే బంధువును విమానం ఎక్కించడానికి ఎయిర్‌పోర్టుకు వెళ్లినప్పుడు ఒక వింత చూసి అక్కడే నిలబడిపోయాను. పెద్ద కారులోంచి బొద్దుగా ఉన్న కుక్క ఒకటి దిగింది. దాని నాలుగు కాళ్లకూ ఎర్రటి బూట్లు! నడినెత్తిన ఎండ, కింద కాగిపోతున్న నేల. అదేమో కొత్త జోళ్లు తొడుక్కున్న పెళ్లికొడుకులా కాళ్లు ఎత్తెత్తి వేస్తూ నడుస్తోంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. కానీ నా చూపు మాత్రం దాని కుడి ముందుకాలి మీదే ఆగింది. కొన్నేళ్ల కిందట మా శంషాబాద్ ఇంటి వాకిట్లో అలాంటి కాలు ఒకదాని కోసం నేను పడ్డ పాట్లు గుర్తొచ్చాయి.

మా కుక్క భూరాది ఏ జాతో దానికే తెలియదు. వీధిలో పుట్టి, మా గేటు సందులోంచి దూరి, ఇంట్లో మనిషై కూర్చుంది. దాని మట్టిరంగు చూసి ఆ పేరు పెట్టింది పక్కింటి చాచా. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి ఎడ్లకూ టాంగా గుర్రాలకూ నాడాలు కొట్టిన మనిషి. పేరైతే పెట్టాడు గానీ భూరాను ఒక్కనాడూ తాకలేదు. ఐదు పూటలా నమాజు చేసేవాడు కనుక, కుక్క మూతి తగిలితే బట్టలు మార్చుకోవాలనేవాడు. అందుకని ప్రహరీ గోడకు అవతల స్టూలు వేసుకొని, అక్కడినుంచే దానితో ముచ్చట్లు పెట్టేవాడు. అదీ గోడకు ఇవతల కూర్చొని చెవులు నిక్కించి వినేది. నా పాఠాలు ఏ పిల్లలూ అంత శ్రద్ధగా విన్న గుర్తు లేదు.

ఆ ఏడు మే నెలలో మంఖాల్‌లో పెళ్లికని స్కూటర్ మీద బయలుదేరాను. భూరా వెనకే పరుగెత్తుకొస్తోందని అద్దంలో చూశాను. చూసి కూడా, కొంతదూరం వచ్చి అదే తిరిగిపోతుందిలే అనుకున్నాను. ఆ దారిలో అప్పుడే కొత్తగా తారు పోశారు. నేను పెళ్లిభోజనం చేసి ఇంటికి వచ్చేసరికి అది వాకిట్లో పడి మూలుగుతూ కాళ్లు నాక్కుంటోంది. అరికాళ్ల నిండా తారు ముద్దలు. ముప్పై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పినవాణ్ని కదా, తారుకు పెట్రోలే మందని తీర్మానించి, స్కూటర్లోంచి కాస్త తీసి, గుడ్డ ముంచి దాని కుడి ముందుకాలు రుద్దాను. కాలిన చర్మం మీద పెట్రోలు! అది అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మా ఇంటావిడ పరుగున వచ్చి గుడ్డ లాక్కుంది. "పిల్లలకు గిట్లనే చెప్పిన్రా సైన్సు? జర జరుగుండ్రి," అని పల్లినూనె తెచ్చి మిగిలిన మూడు కాళ్లూ మెల్లగా తుడిచింది. తారంతా మెత్తబడి ఊడి వచ్చింది. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

ఆ మూడు కాళ్లూ నాలుగు రోజుల్లో కుదుటపడ్డాయి. నా సైన్సు తగిలిన కాలు మాత్రం వాచి, ఒక వేలి దగ్గర చీము పట్టింది. పశువుల దవాఖానలో డాక్టరమ్మ చూసి, "రోజుకు రెండుసార్లు కడిగి, తడి లేకుండా ఒత్తి, ఈ మందు రాయండి. పది రోజుల్లో తగ్గకపోతే వేలు తీసేయాల్సి వస్తుంది," అంది. రాయడానికి అది కాలిస్తే కదా! నా చేతిలో గిన్నె కనబడితే చాలు, మంచం కిందికి దూరేది. లాగబోతే కోరలు చూపించేది. నా చేతి ముద్ద తిని పెరిగిన కుక్క నన్నే చూసి గుర్రుమంటుంటే నాకు ఏడుపొచ్చింది. తప్పు నాది, పోయేది దాని వేలు. అలా రెండు రోజులు పోయాయి.

మూడోనాడు పొద్దున వాకిట్లో మా ఇద్దరి పెనుగులాట చూసి చాచా గోడ మీదుగా తొంగిచూశాడు. "ఏంది సారూ, దొంగను పట్టినట్టు గట్ల మీద పడుతున్నరు?" అని ఇంకేదో చెప్పబోతుంటే నెత్తిమీద విమానం వచ్చింది. ఆగమన్నట్టు వేలు ఎత్తి పట్టుకొని, అది దాటిపోయాక మాట అందుకున్నాడు. "నొప్పి కాలు ముందు పట్టొద్దు. మంచి కాలు ముందు పట్టాలె. ఎద్దయినా గంతే, గుర్రమైనా గంతే. మంచి కాళ్లకు మర్యాద చేస్తే దానికి భరోసా వస్తది. నొప్పి కాలు ఆఖరికి అదే ఇస్తది."

"ఇవ్వకపోతే?"

"ఇయ్యకపోతే గిన్నె తీసుకొని లేచిపోవుడే. మళ్ల మాపటికి కూసోవాలె."

ఇక పొద్దునా మాపూ అదే పని. ఎడమ ముందుకాలు, తర్వాత వెనక కాళ్లు రెండూ. బాగున్న కాళ్లనే గోరువెచ్చని నీళ్లతో కడిగి, వేళ్ల సందులు ఒత్తి, అరికాళ్లకు చుక్క కొబ్బరినూనె రాసేవాణ్ని. గోడ అవతలినుంచి ఆజ్ఞలు వచ్చేవి. "గుంజకు సారూ, అది వంచినంతనే వంచు." మొదటిరోజు నాలుగో కాలి వైపు చూడకుండానే లేచాను. రెండోరోజు అది ఆ కాలు పొట్టకిందికి మడుచుకుంది, మళ్లీ లేచాను. డాక్టరమ్మ చెప్పిన గడువు కరిగిపోతుంటే మిగిలిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాణ్ని. ఐదోనాడు పొద్దున మూడు కాళ్లూ అయ్యాక గుడ్డ పిండుతున్నాను. నా మోకాలి మీద ఏదో బరువు పడింది. చూస్తే భూరా కుడి ముందుకాలు! తనంతట తనే తెచ్చి పెట్టింది. మెల్లగా కడిగి, ఒత్తి, మందు రాశాను. గోడ అవతల చాచా నాడా బిగిసిన చప్పుడు విన్నవాడిలా "శభాష్!" అన్నాడు.

పదోనాడు డాక్టరమ్మ వేలు నొక్కి చూసి, వేలికి ఏ ఢోకా లేదంది. ఆ రోజు ఇంటికి రాగానే భూరా గేటు దాటి, పక్కింటి వాకిలి తొక్కి, నాలుగు కాళ్లతో దుమ్ము రేపుతూ పోయి, స్టూలు మీదున్న చాచా మోకాలి మీద ఆ బాగుపడ్డ కాలే పెట్టి, మోచెయ్యి కూడా నాకేసింది. నేను దాని వెనకే పరుగెత్తాను. చాచా ఒక్క క్షణం తన తెల్లటి పైజామా మీది మట్టి మచ్చను చూసుకున్నాడు. తర్వాత ఆ కాలిని తిరగేసి, వేళ్లు ఒక్కొక్కటే విడదీసి పరీక్షించాడు. "ఇగ బట్టలు మార్చుడే. మారుస్త, ఏమాయె? అసలు పని పక్కాగ అయింది," అని పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. నా జీవితంలో విద్యార్థులు తెచ్చిన ఏ ఫస్టు ర్యాంకూ నన్ను అంత పొంగించలేదు.

ఇప్పుడు భూరా మూతి నెరిసింది. చాచా స్టూలు పోయి కుర్చీ వచ్చింది. ఎండాకాలం నేలకు నా అరచెయ్యి ఆనించి చూసి, నేను ఓర్చుకోగలిగితేనే దాన్ని బయటికి తీసుకెళ్తాను. తిరిగొచ్చాక కాళ్లు కడగడం ఇప్పటికీ ఎడమ ముందుకాలితోనే మొదలు. ఈమధ్య నాకూ మోకాలి నొప్పి పట్టుకుంది. ఎక్కడో చూపించమని డాక్టరు అడిగితే ముందు మంచి మోకాలే చాపుతాను. వయసు నొప్పి కాలినే వెతుక్కుంటూ వస్తుంది మరి, మనమైనా మంచి కాలితో మొదలుపెట్టొద్దూ!