అరవై ఐదు నిండాలి

తాళాలమ్మ అన్న పేరు ఆమెకు ఆ ఇంట్లోని ముసలివాళ్లు పెట్టింది. నడుముకి గుత్తి వేలాడుతూ ఉంటుంది గానీ, ఆమె తాళం వేసేది సరుకుల గదికొక్కదానికే. అదీ ఎందుకంటే, వేయకపోతే పంచదార మూడు రోజుల్లో ఆవిరైపోతుంది. ఆస్పత్రిలో ఇరవై ఆరేళ్లు ఆయాగా చేసి, మోకాళ్లు అరిగి మానేసిన మనిషి. మూతబడిన ఒక హాస్టలును, యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన ముసలివాళ్లకు ఇల్లుగా మారుస్తున్నారని విని, తానే వెళ్లి ఈ పని అడిగింది.

ఏడు గదులు, పద్నాలుగు మంచాలు, ఒక వంటగది, రెండు స్నానాల గదులు. వచ్చినవాళ్లకు దేశం పోయింది గానీ దర్జా పోలేదు. స్నానాల గది దగ్గర వరుస తప్పితే ఒక యుద్ధం, కిటికీ తెరవాలా మూయాలా అని ఇంకో యుద్ధం. తాళాలమ్మ ఇద్దరినీ చెడామడా తిట్టి, ఇద్దరికీ టీ పోసి కూర్చోబెట్టేది. ఆమె నోటికి భయపడని వాళ్లు లేరు, ఆమె కనబడకపోతే ఎవరికీ తోచేదీ కాదు.

నాలుగో గదిలో కుట్టుపెద్దమ్మ, టీచరమ్మ ఉంటారు. ఒకరు బట్టలు కుట్టి బతికిన మనిషి, ఇంకొకరు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. టీచరమ్మకు చూపు దాదాపు పోయింది. పొద్దున్నే చెయ్యి పట్టుకుని నడిపించడం, పళ్లెంలో ఏది ఎటు పక్కనుందో చెప్పడం, జాకెట్టు హుక్కులు సరిగ్గా పడ్డాయో లేదో చూడడం, అన్నీ కుట్టుపెద్దమ్మే. ఆమె లేకపోతే టీచరమ్మ గడప దాటలేదు.

ఆ ఇంట్లో చోటు కావాలంటే అరవై ఐదు నిండాలి. కుట్టుపెద్దమ్మకు డెబ్బై ఒకటి. కాగితంలో మాత్రం యాభై తొమ్మిది. పదకొండేళ్ల కిందట సరిహద్దు దగ్గర, పనిచేయగలిగిన వాళ్లనే బూట్ల సిపాయిలు ముందు వదులుతున్నారని వరుసలో ఎవరో అన్నారట. ఆమె నెరిసిన జుట్టుకు మసి రాసుకుని, నడుం నిటారుగా పెట్టి, నలభై ఎనిమిది అని చెప్పి దాటేసింది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు. ఆమె ఒక్కటే ఆడి ప్రాణం దక్కించుకుంది, అంతే.

రెండేళ్ల కిందట ఇల్లు తెరిచినప్పుడు ముఖం చూసి చేర్చుకున్నారు. ఇప్పుడు కాగితాలన్నీ సరిచూడమని పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. వయసు చాలనివాళ్లు వారంలోగా ఖాళీ చేసి, ఊరి చివర డేరాల్లోకి వెళ్లాలి. ఆ డేరాల్లో నేల మీద పడక, నీళ్లు మోసుకొచ్చుకోవాలి. ఉత్తరం చదవగానే తాళాలమ్మకు ముందు గుర్తొచ్చింది కుట్టుపెద్దమ్మే.

ఒక్క దారి ఉంది. ఆ మనిషే తన నోటితో అసలు వయసు చెప్పి, అది నమ్మేలా ఉంటే, సరిచూడడానికి వచ్చే అధికారి అక్కడికక్కడే దిద్దవచ్చు. ఇక తాళాలమ్మ పాఠం మొదలుపెట్టింది. మూడు రోజులు కూరలు తరుగుతూ, దుప్పట్లు మడతపెడుతూ, స్నానాల గది తలుపు బయట నిలబడి కూడా వయసెంతని అదే ప్రశ్న వేసింది. లోపలినుంచి నీళ్ల చప్పుడుతో పాటు జవాబు వచ్చేది, డెబ్బై ఒకటి అని. వయసు దాచే ఆడవాళ్లను లోకమంతా చూశాను గానీ, వయసైపోయిందని ఒప్పుకోవడానికి ట్యూషను చెప్పించుకునేదాన్ని నిన్నే చూశానని తాళాలమ్మ వేళాకోళమాడితే, పెద్దమ్మ బోసినోటితో నవ్వింది. అంతా నల్లేరు మీద బండి నడకే అనుకున్నారు.

గురువారం పదకొండింటికి వరండాలో బూట్ల చప్పుడు వినబడింది. ఆ చప్పుడు వినగానే పెద్దమ్మ ముఖం మారిపోయింది. చేతికర్రను కాలితో మంచం కిందికి తోసేసింది. జుట్టు వెనక్కి నొక్కి, గోడ పక్కన నిటారుగా నిలబడింది.

అధికారి చెడ్డవాడేం కాదు. రిజిస్టరు తెరిచి, మర్యాదగానే వయసెంతని అడిగాడు.

"యాభై తొమ్మిదండి," అంది పెద్దమ్మ. "ఏ పనైనా చేస్తాను."

అనడమే కాదు, మూలనున్న నిండు బకెట్టు రెండు చేతులా ఎత్తి చూపించింది. మోచేతులు గజగజ వణుకుతున్నాయి, దించదు. తాళాలమ్మ అడ్డుపడబోతే, మీరు చెప్పకూడదు, ఆవిడే చెప్పాలని అధికారి ఆపేశాడు. కాగితంలోనూ అదే ఉందంటూ కలం తీశాడు. మంచం మీద టీచరమ్మ దిక్కుతోచక చేతులు చాచి గాలిలో వెతుకుతోంది.

ఆ ఇంట్లో తాళాలమ్మ పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఎవరినీ పిల్లల గురించి అడగకూడదు. చెబితే వినాలి, అంతేగానీ అడగకూడదు. పెద్దమ్మ తనంతట తాను అప్పుడప్పుడూ చెప్పేది, కొడుకు వెనకాల వస్తున్నాడని. ఆ మాట ఎవరూ కాదనలేదు. తాళాలమ్మ తన కట్టుబాటు తానే తెంచుకుంది.

"పెద్దమ్మా, నీ కొడుక్కి ఎన్నేళ్లు?"

బకెట్టు దిగింది. నీళ్లు తొణికి అధికారి బూట్ల మీద పడ్డాయి. అతను కదల్లేదు. పెద్దమ్మ తాళాలమ్మ ముఖంలోకి చూసింది.

"బతికుంటే యాభై నాలుగు," అంది.

అధికారి కలం కాగితం అంచున ఆగింది. యాభై తొమ్మిదిలోంచి యాభై నాలుగు తీసేస్తే ఎంతో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కొంచెం గొంతు తగ్గించి, అబ్బాయి పుట్టినప్పుడు మీకెన్నేళ్లమ్మా అని అడిగాడు. పదిహేడని చెప్పింది. అతను పాత అంకె కొట్టేసి డెబ్బై ఒకటి వేసి, వేలిముద్ర తీసుకుని, పక్క గదికి వెళ్లిపోయాడు.

తాళాలమ్మ మంచం కిందికి వంగి కర్ర తీసి ఇచ్చింది. తప్పయిపోయిందని, ఇంకో దారి తోచలేదని ఏదేదో అంటూనే ఉంది. ఆమె కళ్లు ధారగా కారుతున్నాయి. పెద్దమ్మ కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి.

"నువ్వేం చేశావమ్మా, అడిగావు, చెప్పాను," అంది, టీచరమ్మ చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంటూ. "పదకొండేళ్లు బతికించుకున్నాను వాణ్ణి. ఇవాళ ఈ మంచం కోసం నా నోటితో నేనే చంపుకున్నాను."